ఆరో నంబరు మంచం

ఆరో నంబరు మంచం తనకే కావాలని దుర్గాశ్రీ అడిగి మరీ తీసుకుంది.

ఆ మాట వినగానే మేరీ చేతిలో పని ఆపేసింది. అమలాపురంలోని ఆ చిన్న ఆసుపత్రిలో ఆపరేషన్ అయినవాళ్లని చూసుకునే నర్సులు వాళ్లిద్దరే. ఆరో నంబరు మంచం మీద ఉన్నదెవరో మేరీకి తెలుసు. వెంకటరాజు గారు. ముమ్మిడివరం దగ్గర నలభై ఎకరాల రొయ్యల చెరువుల ఆసామి. గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. నిన్ననే కొత్త తుంటి వేశారు.

ఆ చెరువుల మీద పనిచేస్తూనే దుర్గాశ్రీ తమ్ముడు సురేంద్ర పోయాడు. నీళ్లు చిలికే మోటారుకి రాజుగారు అతుకుల వైరు వేయించారు. షాక్ కొడుతోంది, మార్చమని సురేంద్ర మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడగడానికి మిగల్లేదు. కుర్రాడు తాగి నీళ్లలో పడ్డాడని రాజుగారు ఊరంతా చెప్పించారు. వాడు టీ కూడా తాగేవాడు కాదు.

“ఆ మంచం నేను చూసుకుంటానండి, దుర్గాశ్రీ గారూ,” అంది మేరీ మెల్లగా.

“వద్దండి. ఈయన నా చేతికి ఎప్పుడు దొరుకుతాడా అని నాలుగేళ్లుగా చూస్తున్నానండి.”

దాపరికమేమీ లేదు. పగ అంటే పగే. మొహం మీదే కనిపిస్తోంది.

రాజుగారు ఆమెని గుర్తుపట్టలేదు. “మీదే ఊరమ్మా?” అని ముచ్చటగా అడిగారు. బీపీ చూడ్డానికి ఆయన జబ్బకి పట్టీ బిగిస్తూ చెప్పింది.

“సురేంద్ర అక్కనండి.”

అంకె ఒక్కసారిగా పైకి లేచింది. దుర్గాశ్రీ దాన్ని ఉన్నదున్నట్టు చార్టులో రాసుకుని వెళ్లిపోయింది.

అప్పటి నుంచి ఆయనకి కంటి మీద కునుకు లేదు. మాత్ర ఇస్తే భార్య సీతారత్నం గారు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూసేవారు. సూది గుచ్చుతుంటే రాజుగారు కళ్లు మూసుకుని అంతర్వేది స్వామికి మొక్కుకునేవారు.

రెండో రోజు పొద్దున్నే దుర్గాశ్రీ ఆయన్ని మంచం దింపింది.

“నొప్పమ్మా. చచ్చిపోతానమ్మా.”

“పోరండి. నేనుండగా మిమ్మల్ని పోనివ్వనండి.”

వాకర్ చేతికిచ్చి వరండా చివరిదాకా నడిపించింది. సాయంత్రం మళ్లీ నడిపించింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటే నిలబడి చూసింది. తుడవలేదు.

మూడో రోజు ముద్దపప్పన్నం, రెండు గుడ్లు తెచ్చింది. సీతారత్నం గారు కంచానికి చెయ్యి అడ్డం పెట్టేరు. కుట్లు పచ్చిగా ఉండగా పప్పు తింటే చీము పడుతుందని ఆవిడ పుట్టినప్పటి నుంచి వింటున్న మాట. మొగుడి కోసం ఇంటి నుంచి కారప్పొడి, బీరకాయ కూర తెచ్చుకున్నారు. దుర్గాశ్రీ ఆ క్యారేజీ పక్కన పెట్టి, ఆఖరి ముద్ద దిగేదాకా అక్కడే నిలబడింది.

ఆవిడ పరుగున డాక్టరు గారి దగ్గరికి వెళ్లేరు.

“మావారికి చీము పట్టించి చంపేద్దామనండి, పప్పు పెడుతోంది. నర్సుని మార్చండి బాబూ.”

డాక్టరు గారు నవ్వేశారు. “పుండు మానాలంటే పప్పూ గుడ్డూ పెట్టాల్సిందేనండి. అలాంటి నర్సు దొరకడం మీ అదృష్టం.”

మేరీ మాత్రం నవ్వలేదు. దుర్గాశ్రీ వెనకాలే వెళ్లి మందులన్నీ ఒకటికి రెండుసార్లు చూసేది. మందు సరిగ్గానే ఉండేది. కట్టు శుభ్రంగా ఉండేది. ఆరో నంబరు మంచం దుప్పటి మీద చిన్న మరక కూడా ఉండేది కాదు. అంతా ఇంత సవ్యంగా ఉండటం చూస్తేనే మేరీకి ఎక్కువ భయం వేసింది.

ఆరో రోజు దుర్గాశ్రీ మెట్లు మొదలుపెట్టింది. మొదట నాలుగు, తర్వాత పది. ఎనిమిదో రోజుకి రాజుగారు మేడ మీదికి పద్దెనిమిది మెట్లూ ఎక్కేశారు. ఆసుపత్రిలో మేడకి ఉన్నవి అన్నే. దుర్గాశ్రీ ఆపలేదు. డాబా మీదికి వెళ్లే మెట్లు ఇంకో నాలుగు ఎక్కించింది. ఆయన చొక్కా తడిసిపోయింది.

“పద్దెనిమిది చాలవా అండీ?” అంది మేరీ, ఉండబట్టలేక.

“చాలవండి. ఇరవై రెండు ఎక్కాలి. మధ్యలో ఆగకుండా.”

ఎక్కించి, చార్టులో తేదీ వేసి రాసింది. మర్నాడు మళ్లీ ఎక్కించి మళ్లీ రాసింది.

పదో రోజు ఇంటికి పంపేస్తున్నారు. రాజుగారు డాక్టరు గారి చెయ్యి పట్టుకున్నారు.

“మూడు నెలలు మంచం దిగకూడదని ఓ కాగితం రాసిచ్చెయ్యండి. మా పాత డాక్టరు గారు అడగ్గానే రాసిచ్చేవారండి.”

డాక్టరు గారు చార్టు తిరగేశారు. “ఇరవై రెండు మెట్లు ఆగకుండా ఎక్కే మనిషికి అలా రాస్తే నన్ను చూసి నవ్వుతారండి. సోమవారం నుంచి ఎక్కడికైనా వెళ్లొచ్చు మీరు.” అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టారు.

రాజుగారి మొహం మాడిపోయింది. సీతారత్నం గారు మాత్రం దుర్గాశ్రీ రెండు చేతులూ పట్టుకున్నారు.

“నిన్ను అనుమానించేనమ్మా, ఏమీ అనుకోకు. కడుపులో అంత పగ పెట్టుకుని కూడా మా ఆయన్ని నడిపించేవు.”

“ఆయ్, దానికేనండి నడిపించింది.”

సురేంద్ర చావు కేసులో ముద్దాయి మంచం దిగలేడన్న కాగితం చదివితే వినడానికి, నాలుగేళ్లుగా ప్రతి వాయిదాకీ దుర్గాశ్రీ ఒక్కతే ఎక్కి దిగుతున్న కోర్టు మెట్లు సరిగ్గా ఇరవై రెండు.