మస్ట్ పక్కన టు

"ముట్టట్లేదండీ," అన్నాడు పురోహితుడు మూడోసారి. ఈసారి గొంతులో విసుగు పోయి భయం చేరింది.

ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ రేవు. ఇంగ్లీషు మాస్టారు వెంకటకృష్ణారావు పోయి అది పదోరోజు. అరిటాకులో అన్నం ముద్ద, గారెలు, ఆయనకిష్టమైన దోసావకాయ గంట నుంచీ ఎండుతున్నాయి. మామూలుగా ఆ రేవులో ఆకు వేసేలోపే కాకులు వాలతాయి. ఇవాళ వచ్చింది ఒక్కటే. మెట్ల పక్క గోడ మీద కూర్చుని, తల ఓ పక్కకి వాల్చి, ఇటే చూస్తోంది. చివరి బెంచీ నుంచి వచ్చే జవాబు వినేటప్పుడు మాస్టారు తల అచ్చం అలాగే వాల్చేవారు. ఆ సంగతి అందరికీ తట్టింది.

"ఏదో కోరిక మిగిలిపోయిందండీ. తీరుస్తామని మాటివ్వండి. పొద్దు తిరిగేలోపు ముట్టకపోతే ఆయన ఇంటిని పట్టుకునే ఉంటారు."

కోడలు ఛాయాదేవి ముఖం పాలిపోయింది. తొమ్మిది రోజులుగా వరండాలో మాస్టారి పేము కుర్చీ, కూర్చునేవాళ్లు లేకుండానే కిర్రుమంటోంది. ఫ్యాను ఆపినా పేపరు పేజీలు తిరుగుతున్నాయి. నిన్న పొద్దున ఆయన ఎర్రసిరా కలం మూత తీసి ఉంది.

"మావయ్యగారూ, ఇకమీదట కాఫీలో చికోరీ కలపనండీ," అంది చేతులు జోడించి.

కాకి కదల్లేదు.

"నాన్నా, ఉయ్యూరు చెరుకుతోట అమ్మను. ఒట్టు," అన్నాడు కొడుకు కనకారావు. సరిగ్గా అప్పుడే నడుముకున్న పేజర్ కుయ్యిమంది. తోట కొనేవాడి నంబరు. కాకి మెడ తిప్పి ఆ పేజర్ కేసి ఓసారి చూసి, మళ్లీ యథాస్థానానికి తిప్పుకుంది.

మాస్టారి తమ్ముడు వెంకటప్పయ్య ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఇవన్నీ కాదురా. అన్నయ్యకి తీరని కోరిక ఒక్కటే. మా వదినకి ఇంగ్లీషు రావడం! పొద్దున్నే కాఫీ ఇస్తూ 'యు షుడ్ టు డ్రింక్' అనేది. ఈయన పేపరు దించి మొదలెట్టేవాడు. 'షుడ్ పక్కన డ్రింక్ ఒక్కటే కూర్చోవాలే. మస్ట్ అయినా అంతే, కెన్ అయినా అంతే. పీటల మీద పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ మధ్య పేరంటాలు దూరినట్టు ఆ టు ఎందుకే?' అని. నలభై రెండేళ్లు చెప్పాడు. మర్నాడు కాఫీతో పాటు టు కూడా వచ్చేది!"

ఎవరో నవ్వబోయారు. కాకి అటు చూసింది. నవ్వు ఆగిపోయింది.

మాస్టారి భార్య మాణిక్యమ్మ కింది మెట్టు మీద కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ ఆవిడ ఒక్కతే ఏ మాటా ఇవ్వలేదు.

"అమ్మా, నువ్వు పిలువు. నువ్వు పిలిస్తే వస్తారేమో," అన్నాడు కనకారావు.

"వస్తారని తెలుసురా. వస్తే వెళ్లిపోతారుగా."

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. ఆ కుర్చీ చప్పుడుకి నాకు నిద్రపట్టట్లేదు," అంది ఛాయాదేవి.

"నాకు ఆ చప్పుడు లేకపోతే పట్టదే."

పురోహితుడు సూర్యుణ్ణి చూశాడు. "మీ ఇష్టం అమ్మా. పాపం, ఆయన ఆకలితో తిరగాలి మరి."

ఆకలి అనే మాటకి మాణిక్యమ్మ లేచింది. ఆకు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఏమండీ," అని గొంతు సవరించుకుంది. "యు మస్ట్ టు ఈట్."

మనవరాలు శ్రీదుర్గ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. డిగ్రీ మొదటి సంవత్సరం, ఇంగ్లీషు మీడియం.

గోడ మీద కాకి రెక్కలు విదిల్చింది. ఒక్క దూకులో ఆకు అంచున వాలింది. కానీ అది ముద్ద వైపు చూడలేదు. తల వాల్చి మాణిక్యమ్మ ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"యు కెన్ టు గో," అందావిడ, ఇంకొంచెం మెల్లగా.

కాకి ఒక అడుగు ముందుకేసి, ఒక్కసారి అరిచింది. పొట్టిగా, గట్టిగా. ఆ రేవులో మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లు నలుగురున్నారు. నలుగురికీ అది "మళ్లీ చెప్పు" అన్నట్టే వినపడింది. ఒకాయన తెలియకుండానే చేతులు కట్టుకున్నాడు.

మాణిక్యమ్మ చాలాసేపు దాన్నే చూసింది. పైటచెంగుతో పెదవులు తుడుచుకుంది. తర్వాత ఎక్కడా తడబడకుండా, ఒక్కో మాటా స్పష్టంగా పలికింది.

"యు మస్ట్ ఈట్. నౌ యు కెన్ గో."

కాకి తల నిటారుగా అయింది. ముద్దలోంచి నోటినిండా అన్నం తీసుకుంది. రేవు దాటి, ఏటి మీదుగా, థర్మల్ కరెంటు స్టేషన్ గొట్టాల పొగ వైపు ఎగిరిపోయింది. ఆ వెంటనే ఎక్కణ్ణుంచో పది కాకులు వచ్చి ఆకు మీద పడ్డాయి.

"ముట్టిందండీ!" అన్నాడు పురోహితుడు. ఛాయాదేవి మెట్టు మీద చతికిలబడి ఏడ్చేసింది.

శ్రీదుర్గ ఒక్కతే ఏటివైపు చూడలేదు. నాయనమ్మ చెయ్యి పట్టుకుంది.

"నలభై రెండేళ్లు తాతయ్య నేర్పితే రానిది ఇప్పుడెలా వచ్చింది నాయనమ్మా?"

మాణిక్యమ్మ ఇంకా పొగవైపే చూస్తోంది.

"పెళ్లినాటికే వచ్చునే నాకు. తప్పు మాట్లాడితేనేగా మీ తాతయ్య పేపరు దించేది!"