ఆర్‌డీ ఎవరికి?

“ఇంజిను విప్పి పిస్టన్లు మార్చింది నేను. బండి నాకే రావాల,” అన్నాడు చరణ్.

“గేర్‌బాక్సు చేసింది, కార్బొరేటర్లు రెండూ కడిగి పెట్టింది నేను. నాకు రాకుండా యాడికి పోతాది?” అన్నాడు దిలీప్.

సోమల ఊళ్లో గురప్ప ఇంటి ముందర ఆర్‌డీ త్రీఫిఫ్టీ మోటారుసైకిలుకి అటొకడు ఇటొకడు నిలబడి చెరొక హ్యాండిల్ పట్టుకున్నారు. చరణ్‌ది మదనపల్లె, దిలీప్‌ది కుప్పం. ఇద్దరికీ పాత జపాన్ బండ్ల పిచ్చి. తుప్పు బండి ఎక్కడుందని తెలిసినా వెళ్లి వాలిపోతారు. ఏళ్ల తరబడి గురప్ప కొట్టంలో గడ్డి కింద పడి ఉన్న ఈ ఆర్‌డీ ఆ పొద్దునే మొదటిసారి స్టార్టయింది. రెండు సైలెన్సర్ల పొగ ఇంకా వాకిట్లోనే తిరుగుతోంది.

“తాతా, ‘ముందు స్టార్టు చెయ్యండి, ఎవురికిచ్చేది ఆపైన సూద్దాం’ అంటివి. స్టార్టయింది. ఇంగ సెప్పు,” అన్నాడు చరణ్.

గురప్ప మీసం నిమురుకున్నాడు. “ఇద్దురూ కష్టపడినారు. ఒకరికిస్తే ఇంకొకరి ఉసురు తగులుతాది. నాకేం తోచలేదప్పా.”

అతని భార్య మారెమ్మ అరుగు మీద రాగులు చెరుగుతోంది. చాట మీంచి తలెత్తకుండానే అంది. “మీకు బండ్లుండాయి గదా. పందెమేసుకోండి. గెలిచినోడు దీన్ని తోలుకపోతాడు.”

ఆ మాటకు ఇద్దరూ హ్యాండిల్ వదిలేశారు. గేటు పక్కన వాళ్ల ఆర్‌ఎక్స్ హండ్రెడ్‌లు నిలబడి ఉన్నాయి. రెండూ చూడ్డానికి పాత బండ్లే, లోపల మాత్రం ఇంజిన్లు పందేల కోసం మార్చినవి.

ఊరి బయట ప్లాట్లు వేసి వదిలేసిన లేఅవుట్ ఒకటుంది. ఇళ్లు లేవు, మనుషులు లేరు, తారురోడ్డు మాత్రం నున్నగా ఉంది. దాని చివర మిట్ట, మిట్ట మీద ఎర్రరంగు పూసిన రాయి. ఆ రాయిని ముందు దాటినవాడిదే ఆర్‌డీ అని గురప్ప తేల్చాడు.

బండ్లు పక్కపక్కన నిలబెట్టాక దిలీప్ అడ్డం తిరిగాడు. “వానిది బోరు పెంచిన ఇంజిను. ఇది న్యాయం కాదు.”

“నువ్వు స్పీడు కోసం ఇంజిను పోర్టులు గీకించుకోలేదా?”

“గీకించినా నీ అంత యాడొస్తాది?”

“కొట్లాడద్దండప్పా,” అన్నాడు గురప్ప. “చరణ్ ఎనకాల నేను కూసుంటా, నేను బరువు. దిలీపు ఎనకాల మీ అవ్వ కూసుంటాది. సరిపాయె గదా.”

దిలీప్ బక్కపలచటి మారెమ్మను చూసి వెంటనే తలూపాడు. చరణ్ గురప్ప పొట్ట వైపు చూసి నిట్టూర్చాడు. అయినా తన ఇంజిను మీద నమ్మకంతో సరేనన్నాడు. తమ హెల్మెట్లు తీసి పెద్దవాళ్లకు పెట్టారు. మారెమ్మ కొప్పు విప్పితే గాని హెల్మెట్ దిగలేదు.

ఇంజిన్లు కీచుమంటున్నాయి. చరణ్ చూపు రాయి మీద ఉంది. దిలీప్ క్లచ్ పట్టుకుని పళ్లు బిగించాడు.

“ఉండప్పా, సెరుగు దోపుకోనీ,” అంటూ మారెమ్మ పక్కకు వంగింది. గురప్ప కూడా వంగి పంచె సర్దుకున్నాడు.

“నేను లెక్కబెడతా,” అంది మారెమ్మ. “ఒకటి. రెండు.” అక్కడ ఆగింది. “ఈ టోపీలో ఊపిరాడ్డంలేదే.”

“అవ్వా, సెప్పేయవ్వా.”

“మూడు.”

రెండు బండ్లూ ముందు చక్రాలు లేచేంత ఊపుతో దూకాయి. మారెమ్మ దిలీప్ చొక్కా గుప్పెట్లో పట్టుకుని కళ్లు మూసుకుంది. గురప్ప మాత్రం చరణ్ చెవిలో “తిప్పు, తిప్పు” అని అరుస్తూనే ఉన్నాడు. సగం దూరానికి చరణ్ ఒక చక్రమంత ముందున్నాడు. దిలీప్ గేరు మార్చి సమానమయ్యాడు.

మిట్ట మొదలయ్యే చోట చరణ్ ఇంజిను దగ్గింది. ఇంకోసారి దగ్గి ఆగిపోయింది. దిలీప్ ఈలవేస్తూ దాటిపోయాడు. ఆ ఈల పూర్తి కాకుండానే అతని ఇంజినూ ఆగింది. బండ్లు ఆ ఊపుతోనే కొంత ఎక్కి, రాయికి ఇంకా దూరంగానే నిలిచిపోయాయి.

చరణ్ దూకి బండి తొయ్యబోయాడు.

“తోసేది పందెమా?” అన్నాడు గురప్ప దిగుతూ. “ఎవురూ గెలవలేదు. ఇంగ ఆపండి.”

ఇద్దరూ ప్లగ్గులు విప్పి చూశారు, మళ్లీ బిగించారు, కిక్కు మీద కిక్కు కొట్టారు. కాసేపటికి రెండూ ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యాయి.

“పెట్రోల్లో నీళ్లు కలిసుంటాయిరా,” అన్నాడు దిలీప్.

“అంతే. లేకుంటే నా ఇంజిను ఆగుతాదా,” అన్నాడు చరణ్. ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చింది ఆ రోజు అప్పుడే.

“వచ్చే ఆదివారం మళ్లా ఏసుకోండి,” అన్నాడు గురప్ప ఇంటికొచ్చాక. “అంతవరకూ ఆర్‌డీని ఊరికే యాల పెట్టేది? మీలో ఒకరికి పోయే బండే గదా. తుప్పు గీకి రంగెయ్యండి.”

“ట్యాంకుకు రంగు నేనేస్తా,” అన్నాడు చరణ్ వెంటనే.

“సైలెన్సర్లు మెరిపించేది నాది,” అన్నాడు దిలీప్.

ఒకరినొకరు కోపంగా చూసుకుంటూ చెరో దారిన వెళ్లారు. రెండు బండ్ల చప్పుడూ పూర్తిగా వినబడకుండా పోయేదాకా ఆగి, గురప్ప భార్య వైపు వంగి మెల్లగా అడిగాడు.

“దిలీపు బండి పెట్రోలు ట్యాపు, దిగేటప్పుడు మళ్లా తిప్పితివి గదా?”

“తిప్పినాలే,” అంది మారెమ్మ ఆర్‌డీ వెనక సీటు నొక్కి చూస్తూ. “వచ్చే వారం కూడా ఇట్లనే ట్యాపులు ముయ్యాలబ్బా, ఈ సీటు ఇంగా కుట్టించుకోలేదు గదా.”