పెరుగు మీది రాయి

“అన్నం మాట ఎత్తొద్దని పొద్దున్నే చెప్తినా లేదా మామా? నోరు మూసుకుని తిను.”

ప్రసన్నకుమారి గిన్నె తెచ్చి భర్త ముందు పెట్టింది. గిన్నెలో తెల్లటి ముద్ద. స్పూను గుచ్చితే స్పూను నిలబడింది.

“ఇది పెరుగా, సున్నమా?” అన్నాడు యోబు.

“పెరుగే. నీళ్లు తీసేసినా. కార్బులు ఆ నీళ్లలో పోతాయంట.”

“యాడికి పోతాయి?”

“యాడికి పోతే నీకెందుకు? నీ వొంట్లోకి రావు, అంతే.”

గోస్పాడు పొలంలో నలభై ఏళ్లు సోనా వడ్లు పండించినవాడు యోబు. జిల్లాలో సగం మందికి అన్నం పెట్టింది తనేనని చెప్పుకునేవాడు. ఇప్పుడు నంద్యాలలో, సొంత ఇంట్లో, ఆయన కంచంలో మెతుకు లేదు. ముందు పెరుగన్నంలో అన్నం పోయింది. తర్వాత పెరుగులో నీళ్లు పోయాయి. ఇక పోవలసింది తనొక్కడేనని ఆయన లెక్క.

ఇదంతా ఆస్పత్రితో వచ్చింది. వేసవిలో షుగరు పెరిగి పదకొండు రోజులు స్పృహ లేకుండా పడున్నాడు. పన్నెండో రోజు లేచి కూర్చుని పప్పన్నం అడిగాడు. డాక్టరుతో సహా అందరూ నోరు తెరిచారు. పప్పన్నం మాత్రం ఎవరూ పెట్టలేదు.

ఇంటికొచ్చేసరికి వంటింట్లోకి కొత్తగా ఇద్దరు చేరి ఉన్నారు. ఒకరు, అన్నం మానండి అంటూ ఫోనులో గంటలకొద్దీ మాట్లాడే పెద్దమనిషి. రెండోది ఒక రాయి.

పెద్దమనిషి చెప్పినట్టే ప్రసన్నకుమారి పెరుగును గుడ్డలో మూటకట్టి, చిల్లుల గిన్నెలో పెట్టి, పైన పళ్లెం వేసి, దాని మీద ఆ రాయి ఎత్తేది. సాయంత్రానికి నీళ్లన్నీ కిందికి దిగేవి. పైన సున్నం మిగిలేది.

రాయి పలకలాగా ఉంటుంది. ఏడెనిమిది కిలోలు తూగుతుంది. దాన్ని దిండు గలీబులో దూర్చి, మూతి దబ్బనంతో కుట్టేసింది.

“యాడిది ఇది?”

“ఆళ్లగడ్డది. రాళ్లు చెక్కే గురుస్వామి దగ్గర తెచ్చినా, నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు.”

“నేను ఆస్పత్రిలో ఉంటే నువ్వు రాళ్లు తెస్తాండావా?”

“నీ కోసమే తెచ్చినా. వాడకుండా మూలన పడేస్తే ఎట్లా?”

ఆమె దేన్నీ వృథా పోనివ్వదు. నూనె ప్యాకెట్టు ఖాళీ అయితే కోసి, లోపలి వైపు చపాతీకి రుద్దుతుంది. పెరుగు మూటకట్టే గుడ్డలు కూడా యోబు పాత పంచెలే. అందుకని రాయి సంగతి ఆయనకు వింతగా తోచలేదు. ఆ కుట్లు ఎందుకన్నది మాత్రం తనే ఊహించుకున్నాడు. ఆళ్లగడ్డలో చెక్కేది దేవుళ్లను. ఏ విగ్రహానికో పోగా మిగిలిన ముక్క అయ్యుంటుంది. దాని మీద సగం చెక్కిన చెయ్యో కాలో ఉండి ఉంటుంది. పాస్టరు కంట పడితే పరువు పోతుందని కుట్టేసింది.

“దాని బదులు రోటి పొత్రం పెట్టుకోరాదా?” అని ఒకసారి అడిగాడు.

“కుదరదు. ఆ రాయిని చూస్తేనే నీకు అన్నం పెట్టబుద్ధి కాదు నాకు.” రాయిని పళ్లెం మీద సర్దుతూ, “అది పెరుగు మీద ఉన్నన్నాళ్లు నువ్వు బాగుంటావు మామా,” అంది.

ముప్పై ఏళ్లు సండే స్కూలు చెప్పిన మనిషికి ముసలితనంలో రాతి మీద ఇదేం భక్తి అనుకున్నాడు యోబు.

ఆదివారం చర్చిలో ప్రేమవిందు. మూడు వందల మంది బంతి. మాంసం కూర, సోనా అన్నం. ప్రసన్నకుమారి శుక్రవారమే చెప్పేసింది.

“నీకు డబ్బాలో పెరుగు తెస్తా. అందరితో పాటే కూర్చుని తిందువు.”

“అంతమంది ముందరా?”

“వాళ్లు అన్నం తింటాంటారు. నిన్నెవరు చూస్తారు?”

యోబు ఇక తేల్చుకున్నాడు. రాయి కంటికి కనబడకుంటే ఆమె మనసు మెత్తబడుతుంది. మెత్తబడితే ఆదివారం రెండు గరిటెల అన్నం. కాలవలో పడేస్తే వృథా చేశావని చంపుతుంది. తెచ్చిన చోటే ఇచ్చేస్తే ఆమె కూడా నోరెత్తలేదు.

శనివారం ఆమె కూరగాయలకు పోగానే రాయిని గోనెసంచిలో వేసుకుని బస్సెక్కాడు.

“ఏంది పెద్దాయనా, ఆళ్లగడ్డకే రాళ్లు తీసుకపోతాండావా?” అన్నాడు కండక్టరు.

“ఇది పెరుగు రాయిలేప్పా.”

కండక్టరు టికెట్టు చింపి చేతిలో పెట్టి ముందుకు పోయాడు.

గురుస్వామి రోడ్డు పక్క రేకుల షెడ్డులో, ఒళ్లంతా రాతిపొడితో, నంది మూతి చెక్కుతున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడడం అదే మొదలు.

“నంద్యాల ప్రసన్నకుమారి నీ దగ్గర తెచ్చిన రాయి ఇది,” అన్నాడు యోబు, వాపసు అనే మాట ఎట్లా కలపాలా అని చూస్తూ.

గురుస్వామి ఉలి కింద పెట్టాడు. స్టూలు జరిపాడు. చల్లటి నీళ్లిచ్చాడు. ఇంట్లో ఇంత మర్యాద దొరికి యోబుకు మూడు నెలలైంది.

“ఎప్పుడో ఒకప్పుడు వస్తారనుకుంటి. ఫోన్ చేసి అడిగేది బాగుండదని ఊరకుండినా,” అంటూ గురుస్వామి కుట్లు కోశాడు. పలక బయటికి తీసి అరచేత్తో తుడిచాడు. పులిసిన వాసన గుప్పుమన్నా ముఖం చిట్లించలేదు.

“‘యోబు, జననం 1956’ అని ఇంతవరకు నేను కొట్టింది సరిగుందేమో ఆయమ్మకు ఫోన్లో చదివి వినిపించప్పా,” అన్నాడు మళ్లీ ఉలి చేతికి తీసుకుంటూ, “పాపం, ఆయన ఏ తారీఖున పోయినాడో చెప్తే ఈ ఖాళీలో కొట్టిచ్చేస్తా.”