జయరాజు వద్దన్న ఉద్యోగం

ఆ కళ్ళద్దాల అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఆమెను చూడగానే జయరాజు తల వంచుకుని కుర్చీలో ముడుచుకుపోయాడు.

అనంతపురంలో ఉద్యోగ మేళా. ఈ ఎండాకాలం జిల్లాలో మేళాల మీద మేళాలు జరుగుతున్నాయి. కల్యాణ మండపం నిండా కుర్చీలు, కుర్చీల నిండా కుర్రాళ్ళు. ఒక పక్క కంపెనీల బల్లలు, ఎదురుగా వేదిక, వేదిక మీద పెద్దమనుషులు. ఫ్యాన్లు తిరుగుతున్నాయే గానీ గాలి మాత్రం ఎవరికీ తగలడం లేదు.

లేచి బయటికి పోదామా అంటే కుదరదు. కుందుర్పి నుంచి వీళ్ళందరినీ టెంపోలో ఎక్కించుకొచ్చిన వెంకటేశులు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. మధ్యలో లేచిపోయేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట.

జయరాజు ఫోన్ తీసి చూశాడు. జేబులో పెట్టాడు. మళ్ళీ తీసి చూశాడు. ఇంట్లో భార్య అంజలికి ఎనిమిదో నెల. బీపీ ఎక్కువగా ఉంది, ఒంటరిగా వదలొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అయినవాళ్ళంతా పనులు వెతుక్కుంటూ బెంగళూరు పోయారు. పగలు పక్కింటి సుంకమ్మ కనిపెట్టుకుని ఉంటుంది. పొద్దుగూకేసరికి మాత్రం అతను ఇంట్లో ఉండాలి. చూస్తే చేను ఎండిపోయింది. కాన్పు అయ్యేదాకా ఊరు వదలకుండానే నాలుగు రాళ్ళు సంపాదించాలి. అతని దిగులల్లా అదొక్కటే.

"అన్నా, నువ్వేనా?"

తలెత్తితే ఎదురుగా కళ్ళద్దాలు. ఆ అమ్మాయి పేరు మౌనిక. ఈ జిల్లా పిల్లలకు ఉద్యోగాలు ఎందుకు దొరకడం లేదని యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఏ మేళా జరిగినా వచ్చి, దొరికినవాళ్ళనల్లా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తుంది.

"పోయిన వారం కల్యాణదుర్గంలో కనపడినావు. అంతకు ముందు ఉరవకొండలో. యాడా పని దొరకలేదా?"

"లేదు మేడమ్," అన్నాడు జయరాజు నేలచూపులు చూస్తూ.

"ఏం చదివినావు?"

"ఐటీఐ. ఫిట్టరు."

"ఫిట్టరా? ఆ బల్ల దగ్గరోళ్ళు ఫిట్టర్లు కావాలని పొద్దున్నుంచి మొత్తుకుంటాండారు. నువ్వేమో ఈడొచ్చి మూల కూర్చున్నావు. లే అన్నా, లే."

జయరాజు వెంకటేశులు వైపు చూశాడు. వెంకటేశులు ఏమీ ఎరగనట్టు అటు తిరిగాడు. ఇక లేవక తప్పలేదు.

కంపెనీ మనిషి నాలుగు ప్రశ్నలు అడిగాడు. తప్పు చెప్పి బయటపడదామనుకున్నాడు జయరాజు. కానీ పనిమీద ప్రశ్న వేస్తే నోటికి సరైన జవాబే వచ్చేసింది. పాడు నోరు.

"భేష్. నిన్ను తీసుకుంటున్నాం. ఎల్లుండి హోసూరులో చేరాలి. ఉండడానికి హాస్టల్ ఉంది. మొదటి మూడు నెలలు సెలవులుండవు."

మౌనిక ముఖం వెలిగిపోయింది. జయరాజు ముఖం మాడిపోయింది.

"నాకొద్దు సార్," అన్నాడు.

మౌనిక అతన్ని పక్కకు పిలిచింది. కోపంతో అరిచింది.

"ఏమన్నా ఇది? పని కావాలని వస్తావు, ఇస్తే వద్దంటావు. నీలాంటోళ్ళను చూసే, ఈ పిల్లోళ్ళకు ఒళ్ళొంగదని పెద్దోళ్ళు రాస్తాండారు."

"ఇంట్లో ఆమెకు ఎనిమిదో నెల మేడమ్. ఇడిసిపెట్టి యాడికీ పోలేను."

"సరే. ఈడికొచ్చే కంపెనీలన్నీ హోసూరువి, చెన్నైవి. మన పక్కది ఒక్కటీ లేదు. తెలిసి తెలిసీ ఎందుకొస్తాండావు?"

జయరాజు ఫోన్ తీసి చూసి మళ్ళీ జేబులో పెట్టాడు.

"ఉద్యోగం ఇచ్చినా వద్దనేవాళ్ళను ఇంక ఏ మేళాకూ రానియ్యొద్దని నిర్వాహకులకు చెప్తా. ఆ కుర్చీలో నిజంగా పని కావల్సినోడు కూర్చుంటాడు."

అని విసవిసా వేదిక వైపు నడిచింది. జయరాజు ఉరికి ఆమెకు అడ్డం పడ్డాడు.

"మేడమ్, మీకు దండం పెడతా. ఆ మాట మాత్రం చెప్పొద్దండి. కాన్పయ్యేదాకా నన్ను మేళాలకు రానీండి. ఆ తర్వాత హోసూరు గాదు, యాడికి పొమ్మన్నా పోతా."

అంతమందిలో, మగవాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మౌనిక ఆగిపోయింది. ఇంటికి దగ్గర్లో ఏదో ఒక కంపెనీ ఎప్పటికైనా రాకపోతుందా అన్న ఆశ కాబోలు, పాపం. అది కూడా లేకుండా చేయడానికి ఆమెకు మనసొప్పలేదు. అరిచినందుకు సిగ్గేసింది కూడా.

"సరేలే అన్నా, చెప్పను. పోయి నీళ్ళు తాగు."

జయరాజు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గానీ కాళ్ళు కుదురుగా లేవు. వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు యువత భవిష్యత్తు గురించి మాట్లాడుతూనే ఉన్నారు. వినేవాళ్ళు ఆవులిస్తూనే ఉన్నారు. ఫోటోలు తీయడం అయ్యేదాకా కుందుర్పి వాళ్ళెవరూ కదల్లేదు.

అయిపోయిందనగానే జయరాజు ఒక్క ఉదుటున బయటపడి ఇంటికి ఫోన్ చేశాడు.

"బయలుదేరతాండా. తిన్యావా? కాళ్ళవాపు తగ్గిందా?"

తగ్గిందని అంజలి చెప్పాక గానీ అతను ఫోన్ పెట్టెయ్యలేదు.

"రేపు గుంతకల్లులో మేళా, కుర్చీలు ఒక్కటీ ఖాళీ కనపడగూడదంట, తెల్లారేసరికి రెడీగా ఉండప్పా," అంటూ వెంకటేశులు, ఆ రోజంతా నిరుద్యోగిగా కూర్చున్నందుకు రావాల్సిన కూలి అతని చేతిలో పెట్టాడు.