మొరాయించని తుపాకీ

ఎలియుతేరియో కొత్త సెమీ ఆటోమేటిక్ తుపాకీని నెలీదా కొట్టు బల్లమీద పెట్టాడు. "ఇది ఉంచుకుని నా పాతది ఇచ్చెయ్యక్కా."

మాతే కషాయం పీలుస్తున్న నెలీదా తలెత్తింది. "పరానా నది బురదలో ముంచి తీసినా పేలేది కావాలని నా ప్రాణం తోడేశావు కదయ్యా. ఏం, తూటా ఇరుక్కుందా?"

"ఒక్కటీ ఇరుక్కోలేదు. నొక్కితే చాలు, పేలుతోంది."

"మరింకేం రోగం?"

ఎలియుతేరియో గుమ్మం బయట పడుకున్న తన కుక్కను ఓరగా చూసి గొంతు తగ్గించాడు.

"పాతదాంతో వేటకెళ్లి బాతు తప్పించుకుంటే, తూటా మళ్లీ ఇరుక్కుందంటూ తుపాకీని తిట్టేవాణ్ణి. మా కుక్క కూడా తుపాకీ మీదే మొరిగేది. ఇప్పుడు బాతు ఎగిరిపోతే నా మొహంలోకి చూస్తోందక్కా. నిన్నయితే ఏకంగా పక్కవాడి పడవెక్కేసింది."