గెలిచిన రోజు విందు

అమలాపురం వాలీబాల్ టోర్నమెంటులో చివరి పాయింటు కొట్టిన దళితపేట కుర్రాడు సాలమోనును క్లబ్బంతా భుజాలకెత్తుకుంది. సాయంత్రం కెప్టెన్ ఫణీంద్ర ఇంట్లో విందు.

అందరికీ అరిటాకులు వేశారు. సాలమోను ముందు కాగితం ప్లేటు పెట్టారు. ఆకులు చాలలేదేమో అనుకుని తినబోయాడు. అంతలో ఆలస్యంగా వచ్చినవాళ్లకూ ఆకులే వేశారు. జట్టులో ఒక్కడూ తలెత్తలేదు.

సాలమోను లేచి కాలవగట్టు మీదికి వచ్చేశాడు. ఫణీంద్ర వెనకే పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. తన తరఫున వీడొక్కడైనా ఉన్నాడనుకున్నాడు సాలమోను.

“మీ నాన్నగారి పనేంట్రా ఇది?”

“ఆయన నిన్నసలు పిలవొద్దన్నార్రా. నేనే ఒప్పించేను. ఆ ప్లేటు కూడా నేనే కొనుక్కొచ్చేను. నువ్విలా లేచొచ్చేస్తే నా పరువేం కావాలి?”

సాలమోను చెయ్యి విదిలించుకుని కాలవలోకి దిగాడు. ఫణీంద్ర చూస్తుండగానే, అతను పట్టుకున్న చేతిని మోచేతిదాకా రుద్ది రుద్ది కడుక్కున్నాడు.