ఆరా తీయవచ్చిన మనిషి

"రాజలింగానికేంది? గుండు లెక్క ఉన్నడు. పొద్దుగాల లేచి ఎకరం దున్ని వస్తడు" అంది పక్కింటి వజ్రమ్మ, ఆ కొత్త మనిషితో.

నల్లా దగ్గర బిందె పట్టుకున్న రక్షిత ఉలిక్కిపడింది. రాజలింగం ఆమె నాన్న. ఎకరం దున్నడం కాదు, నాలుగడుగులు వేస్తే ఆయాసపడి గోడ పట్టుకుంటాడు.

కొత్త మనిషి బండికి స్టాండు వేశాడు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఎర్ర బూట్లు, చంకలో సంచి.

"మరి ఇన్నేండ్లు ఊర్ల లేడట గద?"

"బొంబాయిల పనికి పోయిండు. మొన్ననే వచ్చిండు. చీమకు గూడ అపకారం చెయ్యడు." వజ్రమ్మ ఏమాత్రం తడుముకోలేదు.

రక్షిత ఆమె కొంగు పట్టుకుని పక్కకు లాగింది. "అవ్వా, గట్లెందుకు చెప్తున్నవ్?"

"ఊకో, నీకు తెల్వదు. సంబంధపోళ్లు. మీ అన్న అజయ్ కోసం ఆరా తీస్తున్నరు. ఆరా తీసేటోడు అడిగితే మంచిగనే చెప్పాలె. రేపు మా మనుమని కాడ మీరు చెప్పరా?"

రక్షితకు ఏమీ అర్థం కాలేదు. జైల్లో ఉన్న నాన్నను కిడ్నీల వైద్యం కోసం కోర్టు రెండు నెలలు బయటికి పంపింది. సోమవారంతో గడువు అయిపోతుంది. ఇంకో రెండు నెలలు ఇమ్మని అర్జీ పెట్టారు. 'నిజంగ రోగమేనా అని ఎవరో ఒకరు మఫ్టీల వచ్చి ఊర్ల అడిగి పోతరు' అని తొర్రూరు వకీలు మరీ మరీ చెప్పాడు. సంబంధపోళ్లు పోలీసుల్లా ఎర్ర బూట్లు వేసుకుంటారా? ఏమో. అడుగుదామంటే అమ్మ మిరపతోటకు పోయింది. కొత్తవాళ్లను చూస్తేనే రక్షిత తలుపు చాటుకు పోతుంది.

ఆ మనిషి ఫోన్ తీశాడు. "ఆఁ, అడిగిన. మనిషి గట్టిగనే ఉన్నడట. ఏ రోగం లేదట."

అంతే, రక్షిత కాళ్లు వాటంతటవే కదిలాయి.

"సార్, అవ్వ మాట నమ్మకుండ్రి. నేను రాజలింగం బిడ్డను. ఇంటికి రాండ్రి, చూపిస్త."

"ఓ పోరీ! నీకేమన్న పిచ్చా?" వెనక వజ్రమ్మ నెత్తి కొట్టుకుంది.

నాన్న మంచంలో ఒళ్లెరగకుండా నిద్రపోతున్నాడు. రక్షిత ఆయన పాదం మీద వేలితో నొక్కింది. గుంట పడింది. వేలు తీసినా గుంట పూడలేదు.

"చూసిండ్రా సార్? రెండు కిడ్నీలు ఖరాబైనయ్. వారానికి మూడుసార్లు మానుకోట దవాఖానకు తీస్కపోయి రక్తం కడిగిస్తం. దానికోసమే గీ చేతిల నరాలు కలిపి కుట్టిండ్రు, ముట్టి చూడుండ్రి, జుయ్యిమంటది."

ఆయన ముట్టి చూసి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మరి బొంబాయి?"

"బొంబాయి లేదు, ఏం లేదు. ఆరేండ్ల సంది జైల్ల ఉన్నడు. పొలం గట్టు కాడ కొట్లాటైతే కట్టెతోని కొట్టిండు, ఆ మనిషి సచ్చిపోయిండు. మీ కాగితంల ఉంటది గద సార్?"

ఆయన మంచం కోడు పట్టుకుని మెల్లగా పీట మీద కూర్చున్నాడు.

రక్షిత ఫైలు తెచ్చి ఒళ్లో పెట్టింది. కోర్టు కాగితం, డాక్టరు చీటీలు, రక్త పరీక్షలు. ఆయన ఒక్కొక్కటీ తిప్పి చూశాడు.

"మీ అన్నకు గిదంత ఎరుకేనా?"

అన్న సంగతి ఎందుకో ఆమెకు బోధపడలేదు. అయినా చెప్పింది. "ఎందుకెరుక లేదు సార్? భూపాలపల్లి బొగ్గుబాయిల చేసుకుంట, సెలవు దొరికితే చాలు వచ్చి బాపును దవాఖానకు ఎత్తుకపోయేది ఆయనే. జైలుకు పోతే ఎవరు ఎత్తుకపోతరు? బాపు బతుకడు సార్."

పుట్టి ఇంతదాకా రక్షిత ఎవరితోనూ ఇన్ని మాటలు మాట్లాడలేదు. ఆగితే మళ్లీ నోరు రాదేమోనని, నోటుబుక్కులోంచి తెల్లకాగితం చింపి పెన్నుతో సహా ఆయన చేతిలో పెట్టింది.

"గిప్పుడు చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టుండ్రి సార్. గంతే."

ఆయన పెన్ను పట్టుకుని మంచం వైపు చూశాడు.

"రాస్త గని బిడ్డా, నా రాత ఏ కోర్టుల చెల్లుతది? మాది జనగామ. మా పిల్ల సౌందర్యను మీ అన్నకిద్దామని వచ్చిన."